సర్వర్ ఎవరి మాట నమ్మాలి?

ఒక విశ్వవిద్యాలయంలోని కంప్యూటర్ ల్యాబ్ అనుకుందాం. గదిలో వరసగా కంప్యూటర్లు, వాటన్నిటి వెనకా ఒకే ఫైల్ సర్వర్. విద్యార్థుల ప్రోగ్రాములు, ప్రొఫెసర్ల ప్రశ్నపత్రాలు, ఆఫీసు లెక్కలు అన్నీ ఆ సర్వర్ డిస్కుల మీదే ఉంటాయి. ఒక విద్యార్థి ల్యాబ్ కంప్యూటర్ వైరు పీకి తన సొంత ల్యాప్‌టాప్‌కు పెట్టాడు. ఆ గదిలోని అడ్రసులన్నిటికీ సర్వర్ తలుపు తెరిచే ఉంది. ఫైళ్ల జాబితా చూస్తే ప్రొఫెసర్ యూజర్ నంబరు 1042 అని కనిపించింది. తన ల్యాప్‌టాప్‌లో అదే నంబరుతో ఒక ఖాతా సృష్టించుకుని, ఆ ఖాతాలోకి మారి, ప్రొఫెసర్ ఫోల్డర్‌లోని ప్రశ్నపత్రం అడిగాడు. సర్వర్ ఇచ్చేసింది.

ఇక్కడ ఎవరి పాస్‌వర్డూ చోరీ కాలేదు, ఏ ప్రోగ్రాములోనూ దోషం లేదు. ఎన్‌ఎఫ్‌ఎస్ అనే నెట్‌వర్క్ ఫైల్ వ్యవస్థ తయారైనప్పుడు ఎలా పనిచేయాలని రాసుకున్నారో అచ్చంగా అలాగే పనిచేసింది. ఈరోజు కూడా మామూలు సెట్టింగులతో లైనక్స్ యంత్రం మీద ఎన్‌ఎఫ్‌ఎస్ పెడితే ఇదే జరుగుతుంది.

ఎన్‌ఎఫ్‌ఎస్‌ను తయారుచేసింది సన్ మైక్రోసిస్టమ్స్. 1982లో కాలిఫోర్నియాలో పుట్టిన ఆ కంపెనీ ఇంజనీర్లకు వర్క్‌స్టేషన్లు అమ్మేది. అప్పట్లో డిస్కుల ఖరీదు ఎక్కువ. కొన్ని వర్క్‌స్టేషన్లకు సొంత డిస్కే ఉండేది కాదు, బూట్ అవడానికి కూడా నెట్‌వర్క్ మీదే ఆధారపడేవి. దూరాన ఉన్న ఫైలును దగ్గరున్నదానిలాగే తెరవగలగాలి, ప్రోగ్రాములు తిరగరాయాల్సిన పని ఉండకూడదు. ఇదీ లక్ష్యం. రస్సెల్ శాండ్‌బర్గ్, మరో నలుగురు ఇంజనీర్లు ఆ డిజైన్‌ను 1985లో యూసెనిక్స్ సమావేశంలో వివరించారు. 1989లో దాని రెండో వెర్షన్ వివరాలు ఆర్‌ఎఫ్‌సీ 1094 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా ప్రచురితమయ్యాయి.

ఆ వ్యవస్థలో క్లయింట్ పంపే ప్రతి కోరికతో పాటూ ఒక చిన్న గుర్తింపు చీటీ వెళ్తుంది. దాన్ని మొదట ఆథ్-యునిక్స్ అన్నారు, తర్వాత ఆథ్-సిస్ అని పేరు మార్చారు. అందులో ఉండేవి ఓ ముద్ర సంఖ్య, యంత్రం పేరు, యూజర్ నంబరు, గ్రూపు నంబరు, అదనంగా గరిష్ఠంగా 16 గ్రూపు నంబర్ల జాబితా. అంతే. వీటిలో దేనికీ సంతకం లేదు, ఏదీ రహస్యం కాదు. పెళ్లిపందిట్లో “మేం మగపెళ్లివారి తాలూకు” అన్నవాళ్లందరికీ విస్తరి వేసేసినట్టు, క్లయింట్ ఏ నంబరు చెబితే సర్వర్ దాన్నే నమ్ముతుంది.

ఇంత తెలివైనవాళ్లు ఇలా ఎందుకు చేశారని ఇప్పటివాళ్లకు అనిపిస్తుంది. కానీ ఆ రోజుల్లో ఇది సమంజసమైన లెక్కే. భవనంలోని వర్క్‌స్టేషన్లన్నీ ఒకే సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ చేతికింద ఉండేవి. యంత్రం మీద సర్వాధికారాలిచ్చే రూట్ ఖాతా పాస్‌వర్డ్ అతని దగ్గరే ఉండేది. ఉద్యోగి పొద్దున్నే లాగిన్ అయ్యేటప్పుడు వర్క్‌స్టేషన్ పాస్‌వర్డ్ అడిగి మనిషిని గుర్తుపట్టేది. సర్వర్ ఆ యంత్రాన్ని నమ్మేది, యంత్రం మనిషిని పరీక్షించేది. ఆ గొలుసులో ప్రతి కొక్కెం అడ్మినిస్ట్రేటర్ చేతిలో ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. బల్లబల్లకూ పర్సనల్ కంప్యూటర్ వచ్చి, ఎవరి యంత్రానికి వారే రూట్ అయిన రోజున ఆ గొలుసు తెగింది. ప్రోటోకాల్ మాత్రం అలాగే ఉండిపోయింది.

ఫైల్ సర్వర్ ముందు ఎప్పుడూ రెండు ప్రశ్నలుంటాయి. నువ్వెవరు? ఈ ఫైలు మీద నీకున్న హక్కేమిటి? మొదటిది గుర్తింపు, రెండోది అనుమతి. ఎన్‌ఎఫ్‌ఎస్ రెండో ప్రశ్నకు జాగ్రత్తగానే జవాబు చూస్తుంది. ఫైలు యజమాని ఎవరు, గ్రూపు ఏది, చదవొచ్చా, రాయొచ్చా అన్నీ పరిశీలిస్తుంది. మొదటి జవాబే అబద్ధమైనప్పుడు ఆ పరిశీలన ఎంత నిక్కచ్చిగా ఉన్నా ప్రయోజనం లేదు. నలభై ఏళ్ల ఫైల్ సర్వర్ల చరిత్రలో పెద్ద ప్రమాదాలు ఎన్నో ఈ మొదటి ప్రశ్న దగ్గరే జరిగాయి.

ముందు మాట్లు వేశారు. రూట్ యూజర్ నంబరు సున్నా. క్లయింట్ నుంచి సున్నా వస్తే సర్వర్ దాన్ని ‘నోబడీ’ అనే దిక్కూమొక్కూలేని ఖాతాగా మార్చేస్తుంది. లైనక్స్‌లో ఆ ఖాతా నంబరు సాధారణంగా 65534. దీన్ని రూట్ స్క్వాష్ అంటారు. మంచి ఏర్పాటే. సర్వర్‌లో రూట్ సొంతమైన ఫైళ్లు దీనివల్ల భద్రంగా ఉంటాయి. కానీ క్లయింట్ యంత్రంలో రూట్ అయిన మనిషి సున్నాగా ఎందుకు అడుగుతాడు? 1042గా మారి అడుగుతాడు. రూట్ స్క్వాష్ పెట్టాం కాబట్టి అందరి ఫైళ్లూ భద్రమనుకునే అడ్మినిస్ట్రేటర్లు ఇప్పటికీ ఉన్నారు. అది కాపాడేది ఒక్క నంబరును.

ఇంకో మాటు పోర్టు నంబర్లు. యునిక్స్‌లో 1024 కన్నా తక్కువ పోర్టులను రూట్ మాత్రమే వాడగలదు. కాబట్టి ఆ పోర్టుల నుంచి వచ్చిన కోరికలనే సర్వర్ తీసుకోవాలన్నారు. మామూలు యూజరు తానే ఒక నకిలీ ప్రోగ్రాము రాసి 1042నని చెప్పుకోకుండా ఇది ఆపుతుంది. సొంత ల్యాప్‌టాప్‌కు తానే రూట్ అయినవాణ్ణి మాత్రం ఇది ఆపలేదు.

వీటన్నిటికన్నా ఆసక్తికరమైన కథ ఫైల్ హ్యాండిల్‌ది. సన్ ఇంజనీర్లు సర్వర్‌కు జ్ఞాపకం అనేదే లేకుండా చేయాలనుకున్నారు. ఏ క్లయింట్ ఏ ఫైలు తెరిచిందో సర్వర్ గుర్తుపెట్టుకోదు. ప్రతి కోరికా దానికదే సంపూర్ణం. ఈ పద్ధతిలో సర్వర్ మధ్యలో ఆగిపోయి మళ్లీ లేచినా క్లయింట్లకు కాసేపు ఆలస్యం తప్ప మరే నష్టమూ ఉండదు. ఆ రోజుల యంత్రాలు తరచూ ఆగిపోయేవి కాబట్టి ఈ గుణం ఎంతో విలువైనది. కానీ జ్ఞాపకం లేని సర్వర్‌కు ఏ ఫైలు సంగతి అడుగుతున్నారో ఎలా తెలుస్తుంది? దానికోసమే హ్యాండిల్. రెండో వెర్షన్‌లో అది 32 బైట్లు, 1995లో వచ్చిన మూడో వెర్షన్‌లో 64 బైట్ల దాకా ఉండొచ్చు. దాన్లో సాధారణంగా ఏ డిస్కు విభాగమో చెప్పే గుర్తు, ఆ విభాగంలో ఫైలుకు ఉండే ఐనోడ్ అనే వరస నంబరు, ఆ నంబరు ఎన్నోసారి వాడుకలోకి వచ్చిందో చెప్పే జనరేషన్ నంబరు ఉంటాయి.

క్లయింట్ మొట్టమొదట మౌంట్ చేసేటప్పుడు, అంటే సర్వర్ ఫోల్డర్‌ను తనదానిలా తగిలించుకునేటప్పుడు, సర్వర్‌లోని మౌంట్ ప్రోగ్రాము దాని అడ్రసును జాబితాతో పోల్చి చూస్తుంది. అడ్రసు జాబితాలో ఉంటే పైస్థాయి ఫోల్డర్ హ్యాండిల్ ఇస్తుంది. పాత అమరికలు చాలావాటిలో అడ్రసు తనిఖీ అక్కడితో సరి. ఆ తర్వాత ఫైళ్లు అందించే ప్రోగ్రాము వేరు, అది హ్యాండిల్ చూస్తుందే తప్ప తెచ్చినవాడి అడ్రసు చూడదు. అంటే హ్యాండిల్ ఎలా సంపాదించినా చాలు. వైరు మీద పోతున్న ప్యాకెట్లలోంచి చూసి రాసుకోవచ్చు. లేదా ఊహించొచ్చు. కొత్తగా సిద్ధం చేసిన డిస్కుల్లో ఐనోడ్ నంబర్లు, జనరేషన్ నంబర్లు ఇట్టే ఊహించగలిగేలా ఉండేవి. ఈ బెడద పోగొట్టడానికే సన్ తన సిస్టమ్‌తో పాటు ‘ఎఫ్‌ఎస్‌ఐరాండ్’ అనే పరికరం ఇచ్చింది. డిస్కులోని ప్రతి ఐనోడ్‌కూ యాదృచ్ఛికమైన జనరేషన్ నంబరు వేయడమే దాని పని. లైనక్స్ సర్వర్ ఇప్పుడు ప్రతి కోరిక దగ్గరా క్లయింట్ అడ్రసును చూస్తుంది. అంత మేరకు మెరుగు.

హ్యాండిల్‌లో ఇంకో మెలిక ఉంది. ఒక డిస్కు విభాగంలో ఒక్క ఫోల్డర్‌ను మాత్రమే బయటికి పంచుతున్నామనుకుందాం. హ్యాండిల్ చెప్పేది విభాగం, ఐనోడ్. ఆ ఐనోడ్ పంచిన ఫోల్డర్ కిందిదా, పక్క ఫోల్డర్‌లోదా అన్నది హ్యాండిల్ చెప్పదు. కాబట్టి పక్క ఫోల్డర్‌లోని ఫైలు హ్యాండిల్‌ను సరిగ్గా ఊహించినవాడు దాన్నీ అందుకోగలడు. ఫైలు ఏ ఫోల్డర్ కింద ఉందో ప్రతిసారీ పైదాకా వెతికి చూసే సౌకర్యం లైనక్స్‌లో ఉంది. అది పెడితే, తెరిచి ఉన్న ఫైలును ఎవరైనా వేరే చోటికి మార్చినప్పుడు చిక్కులొస్తాయి. అందుకని ఎన్నో ఏళ్లుగా దాన్ని మామూలుగా ఆపేసే ఉంచుతున్నారు. తెలిసిన అడ్మినిస్ట్రేటర్ చేసే పని సులువైనది. పంచాల్సిన సరుకుకు విడిగా ఒక డిస్కు విభాగం కేటాయించి, దాన్ని మొత్తంగా పంచుతాడు.

అనుమతుల తనిఖీలోనూ జ్ఞాపకం లేకపోవడం వింత ఫలితాలిచ్చింది. యునిక్స్‌లో ఒక ప్రోగ్రాము ఫైలు తెరిచేటప్పుడే అనుమతి చూస్తారు. తెరిచాక ఆ ఫైలు అనుమతులు ఎవరు మార్చినా, తెరిచినవాడు చదువుతూనే ఉండొచ్చు. చాలా ప్రోగ్రాములు ఈ లక్షణం మీద ఆధారపడతాయి. తాత్కాలిక ఫైలును సృష్టించి, తెరిచి ఉంచుకుని, వెంటనే అందరి అనుమతులూ తీసేసేవి ఎన్నో. ఎన్‌ఎఫ్‌ఎస్ పాత వెర్షన్లలో తెరవడం అనే మాటే లేదు, ఉన్నది చదువు, రాయి అన్న కోరికలే. ప్రతి కోరిక దగ్గరా అనుమతి చూస్తే తాత్కాలిక ఫైలు సొంతదారుడికే అందకుండా పోతుంది. అందుకని ప్రోటోకాల్ వివరాలే ఒక సడలింపు చెప్పాయి. ఫైలు యజమాని అడిగితే అనుమతుల బిట్లు ఏమన్నా సరే ఇచ్చేయాలి. ఆ ఫైలును తెరవనివ్వాలా వద్దా అన్నది క్లయింట్ యంత్రం చూసుకుంటుందని నమ్మకం.

రెండో సడలింపు ఇంకా విచిత్రం. నడపడానికి అనుమతి ఉండి, చదవడానికి లేని ప్రోగ్రాములు యునిక్స్‌లో ఉండొచ్చు. కానీ క్లయింట్ ఆ ప్రోగ్రామును నడపాలంటే దాని పేజీలను సర్వర్ నుంచి తెచ్చుకోవాలి. తెచ్చుకోవడమంటే చదవడమే. నడపడానికి చదువుతోందో, కాపీ కొట్టడానికి చదువుతోందో సర్వర్ కనిపెట్టలేదు. కాబట్టి నడిపే అనుమతి ఉంటే చదివే అనుమతి ఉన్నట్టే లెక్కించాలన్నారు. అనుమతుల నియమం ఒక యంత్రం లోపల ఉన్నప్పుడు ఒక అర్థం, రెండు యంత్రాల మధ్య పడ్డాక వేరొక అర్థం. ఫైల్ వ్యవస్థలు రాసేవాళ్లు ఈ తేడాతో ఇప్పటికీ కుస్తీ పడుతున్నారు.

రెండో వెర్షన్‌లో క్లయింట్ ఫైలు బిట్లను చూసి ‘ఇది నా యూజరుకు దక్కుతుంది’ అని తానే తేల్చుకునేది. సర్వర్ రూట్‌ను నోబడీగా మారిస్తే, లేదా బిట్లకు మించిన అనుమతుల జాబితాలు వాడితే ఆ లెక్క తప్పేది. మూడో వెర్షన్‌లో ‘యాక్సెస్’ అనే కొత్త కోరిక చేర్చి, ఈ యూజరు దీన్ని ఏమేం చేయొచ్చో సర్వర్‌నే అడగమన్నారు. ఫైలు ఎక్కడుందో నిర్ణయం కూడా అక్కడే జరగాలన్న సూత్రం అలా మెల్లగా వచ్చి చేరింది.

ఆ పదహారు గ్రూపుల పరిమితి మాత్రం ఎందరినో ఏడిపించింది. పెద్ద సంస్థలో ఒక ఉద్యోగి ఇరవై ప్రాజెక్టుల గ్రూపుల్లో ఉంటే, చీటీలో పదహారే పడతాయి. మిగిలిన నాలుగు గ్రూపుల ఫైళ్లు హక్కున్నా అతనికి దక్కవు. సర్వర్‌కు నంబరు మాత్రమే చాలు, ఆ యూజరు ఏయే గ్రూపుల్లో ఉన్నాడో తానే వెతుక్కుంటుంది అనే సెట్టింగు లైనక్స్‌లో వచ్చాక ఈ బాధ తగ్గింది. అది భద్రతకూ మేలు చేసింది. గ్రూపుల విషయంలోనైనా క్లయింట్ మాట వినడం మానేసింది సర్వర్.

సన్ వాళ్లు గుర్తింపు సమస్యను చూడకుండా ఊరుకోలేదు. 1980ల రెండో సగంలోనే సెక్యూర్ ఆర్‌పీసీ అనే పద్ధతి తెచ్చారు. అందులో డిఫీ-హెల్మన్ పద్ధతితో క్లయింటూ సర్వరూ ఒక రహస్య కీ కుదుర్చుకుంటాయి. ఆ పద్ధతి బలమంతా ఒక పెద్ద ప్రధాన సంఖ్య మీద ఆధారపడి ఉంటుంది. సన్ ఎంచుకున్న సంఖ్య పొడవు 192 బిట్లు, పైగా అందరికీ అదే సంఖ్య. ఏటీ అండ్ టీ బెల్ ల్యాబ్స్‌కు చెందిన బ్రయన్ లమాచియా, ఆండ్రూ ఓడ్లిజ్కో 1991లో ఆ సంఖ్యకు కావాల్సిన లెక్కలన్నీ ముందే కట్టి పెట్టేశారు. ఆ పని ఒకసారి చేశాక ఒక్కో యూజరు రహస్యాన్ని బయటపెట్టడం సులువైపోయింది. సరైన ఆలోచనను పొట్టి కీతో కట్టి పెట్టిన ఫలితం అది.

అదే కాలంలో బోస్టన్ పక్కన కేంబ్రిడ్జ్‌లో ఎంఐటీవాళ్లు ఇదే సమస్యను మరో వైపు నుంచి చూస్తున్నారు. ఐబీఎం, డిజిటల్ కంపెనీల సాయంతో 1983లో మొదలైన ప్రాజెక్ట్ ఎథీనా, క్యాంపస్ అంతటా వర్క్‌స్టేషన్లు పరిచింది. అవి ఎవరైనా వచ్చి కూర్చునే యంత్రాలు. రూట్ పాస్‌వర్డ్ రహస్యమనే భ్రమ కూడా ఎథీనావాళ్లు పెట్టుకోలేదు. యంత్రాన్ని నమ్మే ప్రసక్తే లేదు, మనిషినే గుర్తుపట్టాలి. అలా పుట్టింది కెర్బెరోస్. దానికి పునాది రోజర్ నీధమ్, మైకేల్ ష్రోడర్ 1978లో ప్రచురించిన ప్రోటోకాల్. దాని నాలుగో వెర్షన్‌ను జెన్నిఫర్ స్టైనర్, క్లిఫర్డ్ న్యూమన్, జెఫ్రీ షిల్లర్ 1988లో వివరించారు. ఐదో వెర్షన్ 1993లో వచ్చింది. ఈరోజు విండోస్ డొమైన్‌లున్న ఆఫీసుల్లో ఉద్యోగి లాగిన్ అయినప్పుడు తెర వెనక సాధారణంగా పనిచేసేది ఇదే.

కెర్బెరోస్‌లో పాస్‌వర్డ్ వైరు మీదికి ఎక్కదు. దాన్నుంచి తయారైన కీ యూజరు యంత్రంలోనూ, కీలన్నీ దాచే ఒక కేంద్ర సర్వర్‌లోనూ మాత్రమే ఉంటుంది. యూజరు లాగిన్ అవగానే కేంద్రం ఒక టికెట్టు, కొత్తగా పుట్టించిన ఒక తాత్కాలిక కీ ఇస్తుంది. ఆ కీని యూజరు కీతో మూసి పంపుతుంది కాబట్టి అసలు పాస్‌వర్డ్ తెలిసినవాడే తెరవగలడు. తర్వాత ఫైల్ సర్వర్ కావాలంటే, ఆ టికెట్టు చూపించి ఫైల్ సర్వర్ కోసం మరో టికెట్టు తీసుకోవాలి. రెండో టికెట్టును ఫైల్ సర్వర్ కీతోనే మూస్తారు. దాని లోపల యూజరు పేరు, టికెట్టు గడువు, ఆ ఇద్దరి మధ్య వాడాల్సిన కొత్త కీ ఉంటాయి. తెచ్చిన మనిషి దాన్ని తెరవలేడు, దిద్దలేడు. ఫైల్ సర్వర్ మాత్రం తన కీతో తెరిచి, కేంద్రాన్ని మళ్లీ అడగకుండానే మనిషి ఎవరో తెలుసుకుంటుంది.

టికెట్టును దారిలో ఎవరైనా కాపీ చేసుకుంటే? అందుకే టికెట్టుతో పాటు క్లయింట్ ఆ క్షణం సమయాన్ని కొత్త కీతో మూసి పంపాలి. కీ లేనివాడు ఇది చేయలేడు. సర్వర్ ఆ సమయాన్ని తన గడియారంతో పోల్చి, సాధారణంగా ఐదు నిమిషాలకు మించి తేడా ఉంటే తిప్పికొడుతుంది. ఆఫీసులో ఒక కంప్యూటర్ గడియారం తప్పిపోతే ఉన్నట్టుండి షేర్డ్ ఫోల్డర్లు తెరుచుకోకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. హెల్ప్‌డెస్క్‌వాళ్లు పాస్‌వర్డ్ మార్చమని చెబుతుంటారు. చూడాల్సింది గడియారం.

ఎథీనావాళ్లు కెర్బెరోస్‌ను ఎన్‌ఎఫ్‌ఎస్‌కు ఎలా జోడించారన్నది ఒక నిజాయితీగల రాజీ కథ. ప్రతి ఫైలు కోరికకూ కెర్బెరోస్ తనిఖీ పెట్టాలని మొదట ఆలోచించారు. ఒక్కో బ్లాకు చదవడానికీ రాయడానికీ ఎన్‌క్రిప్షన్ చేయాలంటే ఆనాటి ప్రాసెసర్లు కూలబడిపోతాయి. అందుకని కెర్బెరోస్ తనిఖీ మౌంట్ దగ్గర ఒక్కసారే పెట్టారు. అది నెగ్గితే సర్వర్ కెర్నల్‌లోని పట్టికలో ఒక వరస రాస్తారు. ఫలానా అడ్రసు నుంచి ఫలానా యూజర్ నంబరుతో వచ్చే కోరికలను ఫలానా అసలు యూజరువిగా లెక్కించు అని. పట్టికలో లేని జంట వస్తే నోబడీ, లేదా తిరస్కారం. యూజరు లాగౌట్ అయితే వరస తుడిచేస్తారు. యూజరు లాగిన్ అయి ఉన్న సమయంలో అతని అడ్రసునూ నంబరునూ ఎవరైనా అనుకరిస్తే ఈ ఏర్పాటు ఆపలేదని కెర్బెరోస్‌ను వివరించిన 1988 పత్రంలో వాళ్లే రాశారు. దెబ్బ తగిలే కాలాన్ని కుదించడమే అప్పటికి చేయగలిగిన పని. తాము ఆపలేనిదేమిటో అంత స్పష్టంగా రాసిన డిజైన్ పత్రాలు అరుదు.

పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం ఐబీఎంతో కలిసి చేపట్టిన ఆండ్రూ ప్రాజెక్టు మరింత కఠినంగా మొదలుపెట్టింది. దాని ఫైల్ వ్యవస్థ ఏఎఫ్‌ఎస్. ఐఐటీ మద్రాసులో చదివిన మహదేవ్ సత్యనారాయణన్ ఆ నిర్మాణంలో ముఖ్యుడు. తాళం వేసిన గదుల్లో ఉండే సర్వర్లను నమ్మొచ్చు, బయటున్న వేల వర్క్‌స్టేషన్లలో దేన్నీ నమ్మకూడదు అన్న గీత ఆ బృందం ముందే గీసుకుంది. సర్వరూ యూజరూ ఒకరినొకరు రుజువు చేసుకున్నాకే మాటలు. అనుమతులు ఒక్కో ఫైలుకు కాక ఫోల్డర్‌కు జాబితాగా రాసేవారు. ఎవరు చూడొచ్చు, ఎవరు చేర్చొచ్చు, ఎవరు తుడవొచ్చు అని విడివిడిగా. విద్యార్థి తన స్నేహితులతో సొంతంగా ఒక గ్రూపు చేసుకుని ఆ జాబితాలో పెట్టుకోగలిగేవాడు, అడ్మినిస్ట్రేటర్ గుమ్మం తొక్కే పని లేదు.

ఎన్‌ఎఫ్‌ఎస్ ఈ పాఠాలు నేర్చుకోవడానికి 1990ల చివరిదాకా పట్టింది. కెర్బెరోస్‌ను ప్రతి కోరికకూ కట్టే మార్గాన్ని 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2203 చూపించింది. మూడు అంతస్తులున్నాయి. మొదటిదాంట్లో అడిగినవాడు ఎవరో రుజువవుతుంది. రెండోదాంట్లో దారిలో డేటాను ఎవరూ దిద్దలేదని కూడా తేలుతుంది. మూడోదాంట్లో అంతా ఎన్‌క్రిప్టవుతుంది. 2000లో మొదలై 2003లో స్థిరపడిన నాలుగో వెర్షన్, తయారీదారులందరూ ఈ సౌకర్యం కల్పించి తీరాలంది. వాడి తీరాలనలేదు. ఈ ఒక్క మాటలోనే ఉంది కిటుకు. కెర్బెరోస్ పెట్టాలంటే కేంద్ర సర్వర్ కావాలి, ప్రతి యంత్రానికీ కీ ఇవ్వాలి, గడియారాలు కలవాలి. రాత్రిళ్లు తమంతట తామే నడిచే పనులకు టికెట్లు ఎవరు తీసిస్తారో ఆలోచించాలి. చాలాచోట్ల అడ్మినిస్ట్రేటర్లు ఆ శ్రమ చూసి పాత నంబర్ల చీటీకే తిరిగి వెళ్లారు.

2022లో ఆర్‌ఎఫ్‌సీ 9289 మరో దారి తెరిచింది. బ్యాంకు వెబ్‌సైట్లకు వాడే టీఎల్‌ఎస్ పద్ధతినే ఫైల్ సర్వర్ మాటలకూ కట్టొచ్చు. దారిలో ఎవరూ వినలేరు, సర్వర్ సర్టిఫికెట్ అడిగేలా పెడితే అది లేని యంత్రం లోపలికి రాలేదు. కెర్బెరోస్ కన్నా పెట్టడం సులువు. ల్యాబ్‌లోని ఆ విద్యార్థి ల్యాప్‌టాప్‌ను అలా వాకిట్లోనే ఆపేయొచ్చు. కానీ ఇది రుజువు చేసేది యంత్రాన్ని, మనిషిని కాదు. అనుమతి ఉన్న యంత్రంలో రూట్ అయినవాడు ఎవరి నంబరైనా చెప్పుకోగలడు.

విండోస్ ప్రపంచం దారి వేరు. 1980ల మొదట్లో ఐబీఎంలో బ్యారీ ఫైగెన్‌బామ్ మొదలుపెట్టిన ఎస్‌ఎంబీ ప్రోటోకాల్ అక్కడి ఆధారం. దాన్ని యునిక్స్ యంత్రాల మీద నడిపే సాంబా ప్రోగ్రామును ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో ఆండ్రూ ట్రిడ్జెల్ 1990ల తొలినాళ్లలో మొదలుపెట్టాడు. ఇళ్లలో నెట్‌వర్క్‌కు తగిలించి ఉంచే డిస్కు పెట్టెలను నాస్ అంటారు, వాటిలో చాలావాటిలో ఉన్నది సాంబానే. ఎస్‌ఎంబీ తొలి రోజుల్లో మనుషులకు కాక ఫోల్డర్‌కే ఒక పాస్‌వర్డ్ పెట్టే పద్ధతి ఉండేది. అది తెలిసినవాళ్లందరూ సర్వర్‌కు ఒక్కటే, ఎవరు తుడిచారని అడిగితే దాని దగ్గర జవాబుండదు.

ఆ పద్ధతిలో 2000 అక్టోబరులో బయటపడిన ఒక లోపం పాఠ్యపుస్తకాలకెక్కదగ్గది. విండోస్ 95, 98, మి వెర్షన్లలో క్లయింట్ పాస్‌వర్డ్‌తో పాటు దాని పొడవు కూడా పంపేది. సర్వర్ సరిగ్గా అంత పొడవు మేరకే పోల్చి చూసేది. క్లయింట్ ‘నా పాస్‌వర్డ్ పొడవు ఒక్క అక్షరం’ అని చెబితే సర్వర్ మొదటి అక్షరం ఒక్కటే చూసి తలుపు తీసేది. ఎంత పొడవైన పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్లకు కూడా కాపలా ఒక్క అక్షరమే. ఒక్కో అక్షరం పెంచుకుంటూ పోతే మొత్తం పాస్‌వర్డ్ కూడా తెలిసిపోయేది. ఎంత మేర పరీక్షించాలో పరీక్షకు వచ్చినవాణ్ణే అడిగిన ప్రోగ్రామది.

ఫోల్డర్ పాస్‌వర్డ్‌ల తర్వాత వచ్చిన ఎన్‌టీఎల్‌ఎం పద్ధతిలో సర్వర్ ఎనిమిది బైట్ల ప్రశ్న వేస్తుంది, క్లయింట్ తన పాస్‌వర్డ్ నుంచి పుట్టిన కీతో దాన్ని కలగలిపి జవాబిస్తుంది. పాస్‌వర్డ్ బయటికి రాదు. చూడ్డానికి బాగానే ఉంది. కానీ ఆ జవాబు ఏ సర్వర్ కోసం ఇచ్చిందో అందులో లేదు. 2001లో సర్ డిస్టిక్ అనే మారుపేరుతో ఉన్న ఒక హ్యాకర్ ‘ఎస్‌ఎంబీ రిలే’ అనే ప్రోగ్రాముతో దీన్ని చూపించాడు. బాధితుడి కంప్యూటర్‌ను ఎలాగో తన వైపు తిప్పుకుంటే చాలు. అసలు సర్వర్ వేసిన ప్రశ్నను బాధితుడికి అందించి, అతనిచ్చిన జవాబును అసలు సర్వర్‌కు చేరవేస్తాడు. మధ్యవర్తికి పాస్‌వర్డ్ తెలియనక్కర్లేదు, బాధితుడి పేరుతో లోపల కూర్చుంటాడు. వచ్చిన యంత్రం మీదికే జవాబును తిప్పికొట్టే దాడిని మైక్రోసాఫ్ట్ 2008 నవంబరులో మూసింది. వేరే యంత్రానికి చేరవేసే దారి ఆ తర్వాతా తెరిచే ఉంది.

దీనికి మందు 1990ల చివరి నుంచీ చేతిలోనే ఉంది. ప్రతి ప్యాకెట్టుకూ సంతకం. ఆ సంతకానికి కావాల్సిన కీ పాస్‌వర్డ్ నుంచి పుడుతుంది కాబట్టి, జవాబును చేరవేసిన మధ్యవర్తి దగ్గర అది ఉండదు. లోపలికి వచ్చినా ఒక్క కోరిక కూడా చేయలేడు. కానీ సంతకాలు పనిని కొంత నెమ్మదింపజేస్తాయి. ఆ కారణంతో రెండు దశాబ్దాలకు పైగా మామూలు కంప్యూటర్లలో దాన్ని తప్పనిసరి చేయలేదు.

గుర్తింపు తనిఖీ ఎంత గట్టిదైనా, దాని ముందు కొంత ప్రోగ్రాము నడుస్తుంది. వచ్చిన ప్యాకెట్టును విప్పి, ఎవరని అడిగేలోపు నడిచే భాగమది. అక్కడ దోషముంటే పాస్‌వర్డ్‌దాకా వెళ్లే పనే ఉండదు. 2017 మే 12న మొదలైన వానాక్రై దాడి ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్‌లోని అలాంటి దోషంతోనే యంత్రం నుంచి యంత్రానికి పాకింది. మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల కిందట, మార్చి 14నే, మరమ్మతు విడుదల చేసింది. అది పెట్టుకోని కంప్యూటర్లు ప్రపంచమంతటా చిక్కాయి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు కార్యాలయాల కంప్యూటర్లూ వాటిలో ఉన్నాయి. అప్పటికి ముప్ఫై ఏళ్లు దాటిన ప్రోటోకాల్ వెర్షన్‌ను, చాలాచోట్ల అవసరం లేకపోయినా, ఆపకుండా వదిలేసినందుకు చెల్లించిన మూల్యమది.

2024 చివర్లో వచ్చిన విండోస్ 11లోని 24హెచ్2 నవీకరణ ఈ పాత బాకీల్లో రెండిటిని తీర్చింది. ప్రో, ఎంటర్‌ప్రైజ్ రకాల్లో సంతకం తప్పనిసరైంది. ప్రో రకంలో, పాస్‌వర్డ్ లేకుండా ‘గెస్ట్’ పేరుతో షేర్డ్ ఫోల్డర్‌లోకి వెళ్లే దారి కూడా మూతపడింది. మర్నాటి నుంచీ ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో పాత నాస్ పెట్టెలు తెరుచుకోవడం మానేశాయి. రౌటర్‌కు పెన్‌డ్రైవ్ గుచ్చి సినిమాలు పంచుకునేవాళ్లకు ఎర్రర్ సందేశాలు రావడం మొదలైంది. సంతకాన్నీ గెస్ట్ నిషేధాన్నీ ఆపేసే ఆదేశాలు వెతికితే దొరుకుతాయి, అవి నిమిషంలో పని కానిస్తాయి. ఆపేసిన రోజు నుంచి ఆ కంప్యూటర్, ఏ సర్వర్ పేరుతో ఎవరు మాట్లాడినా మళ్లీ నమ్ముతుంది. చేయాల్సిన పని వేరే. నాస్ సాఫ్ట్‌వేర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చాలి. దాని సెట్టింగుల పేజీలో ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్‌ను ఆపాలి. గెస్ట్ ఖాతా తీసేసి, ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక ఖాతా, ఒక పాస్‌వర్డ్ సృష్టించాలి. పిల్లల ఖాతాకు సినిమాల ఫోల్డర్ చదివే అనుమతి చాలు, ఇంటి దస్తావేజుల స్కాన్‌లున్న ఫోల్డర్ వాళ్లకు కనిపించే అవసరమే లేదు. పాత పెట్టెకు సంతకం చేయడం రాకపోతే, తయారుచేసిన కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ ఇవ్వడం ఎప్పుడో మానేసి ఉంటే, అందులోని ఫైళ్లను వేరే డిస్కులోకి మార్చుకుని ఆ పెట్టెను నెట్‌వర్క్ నుంచి తీసేయాలి.